వెనక సీటు ఎవరిది?

ఏడుగురు పట్టే కారు కొందామని రెండు కార్లు, మూడు ఊళ్లు తిరిగాం. కారు సంగతి తెలుసుకుందామని బయల్దేరితే ఇంటి సంగతి తెలిసింది!

మా ఇంట్లో కారు మాట మొదలై ఏడాది దాటింది. ఉన్న చిన్న కారుకు పదకొండేళ్లు. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న... లెక్కకు ఆరుగురం. కారులో సీట్లేమో అయిదు. గుడికెళ్లినా, పెళ్లికెళ్లినా ఎవరో ఒకరు బస్సెక్కాలి, లేదా ఇంటికి కాపలా ఉండాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎప్పుడూ అమ్మే. 'నాకు కారు పడదులే, కడుపులో తిప్పుతుంది' అనేది. మేం నమ్మేవాళ్లం.

ఇక లాభం లేదు, మూడు వరసల కారే కొందామని తీర్మానించాం. రిటైర్మెంట్ డబ్బులోంచి మూడు లక్షలిస్తానని నాన్న ముందుకొచ్చారు. అక్కణ్నుంచి మొదలైంది అసలు తంటా. కంపెనీల కరపత్రాలు చదివాను. వీడియోలు చూశాను. తెలిసినవాళ్లందర్నీ అడిగాను. చివరికి రెండు పేర్లు మిగిలాయి... కియా కారెన్స్, హ్యుందాయ్ అల్కజార్. ఏది కొనాలో మాత్రం తేలలేదు.

సరిగ్గా అప్పుడే హిందూపురం నుంచి అక్క ఫోన్ చేసింది. మేనకోడలికి పెళ్లి కుదిరింది, ధర్మవరంలో పట్టుచీరలు తీసుకోవాలి, అందరూ రండి అని. బావది కారెన్స్, 2022లో కొన్నాడు. బెంగళూరు నుంచి వస్తున్న మా చిన్నాన్న కొడుకుది అల్కజార్, 2021 మోడల్. ఇంకేం కావాలి? రెండు కార్లూ నా ముందుకే వస్తున్నాయి!

హిందూపురంలో తెల్లారింది

హిందూపురంలో రైలు దిగితే ఆంధ్రలో ఉన్నామా, కర్ణాటకలో ఉన్నామా అని ఓ క్షణం అనుమానం వస్తుంది. తెలుగు, కన్నడ కలగలిసి వినిపిస్తాయి. బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరమే. చింతపండుకూ బెల్లానికీ ఎండుమిరపకూ పేరున్న మార్కెట్టు. పట్టుగూళ్ల సంతా ఉంది. ఇక్కడ రైతు అమ్మే గూటికీ ధర్మవరంలో పెళ్లికూతురు కట్టే చీరకూ మధ్య దూరం ఎంతో లేదు. ఆరోజు మేం వెళ్లబోయేదీ ఇంచుమించు ఆ దారే.

అక్క పెట్టిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని బయటికొచ్చేసరికి వాకిట్లో రెండు కార్లూ పక్కపక్కన నిలబడి ఉన్నాయి. చూస్తే అక్కాచెల్లెళ్ల బిడ్డల్లా ఉన్నాయి. ఆ మాటలో అబద్ధం లేదు. 1998లో కియాను హ్యుందాయ్ తన గూటికి చేర్చుకుంది. అప్పట్నుంచీ రెండూ ఒకే కుటుంబం. మా వాళ్ల కార్లు రెండూ డీజిల్‌వే, రెండింట్లోనూ అదే 1.5 లీటర్ల ఇంజిన్. ఒకటి చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో పుట్టింది. రెండోది ఇదిగో, ఈ పక్కనే పెనుకొండలో!

టేపు పట్టుకుని కొలిస్తే తేడా అంతంతే. బావ కారు పొడవు 4540 మిల్లీమీటర్లు, తమ్ముడిది 4500. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2780, 2760. అంటే ఇరవై మిల్లీమీటర్లు... బొటనవేలి మందం! సీట్లన్నీ నిలబెట్టి ఉంచితే డిక్కీలో మిగిలే చోటు 216 లీటర్లు, 180 లీటర్లు. ఏడుగురు ఎక్కొచ్చు కానీ, ఏడుగురి సామాన్లు పట్టవన్నమాట. ఈ సంగతి షోరూంలో ఎవరూ చెప్పరు. ఊరెళ్లేరోజు సంచులు సర్దుతుంటే తెలుస్తుంది.

బావది ఏడు సీట్ల కారు. మధ్య వరసలో సీటు భుజం మీదున్న మీట నొక్కితే సీటు దానంతటదే ముందుకు మడుచుకుంటుంది. తమ్ముడిది ఆరు సీట్లది. మధ్యలో రాజాల్లా కూర్చునే రెండు విడి సీట్లు, వాటి మధ్య చేతులు ఆనించుకునే దిమ్మె. ముందు సీటు వెనక మడత బల్ల, పైన పెద్ద గాజు కప్పు. పిల్లలు ఒక్క గెంతు గెంతి అందులోకి ఎక్కేశారు. వాళ్ల తీర్పు అప్పుడే వచ్చేసింది.

నేను బావ కారు స్టీరింగు అందుకున్నాను. నాన్న అలవాటుగా ముందు సీట్లో కూర్చున్నారు. అక్క, మా ఆవిడ, మేనకోడలు మధ్యలో సర్దుకున్నారు. అమ్మను ఎక్కడ కూర్చోబెడదామని నేను వెనక్కి తిరిగేలోపే ఆవిడ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, మరో చేత్తో సీటు పట్టుకుని మూడో వరసలోకి వంగి దూరుతోంది.

'నేను ఎనక్కు పోతాలే నాయనా. యాడైతే ఏముంది!'

సరేలే అనుకున్నాను. బండి కదిలింది.

ఎర్రమంచి వాకిలి

పెనుకొండ దూరాన్నుంచే కనిపిస్తుంది. పేరుకు తగ్గట్టు పెద్ద కొండ, దాని మీద కోట గోడలు. సంస్కృతంలో ఘనగిరి అన్నారు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక, తిరుమల రాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడు. హంపీ వైభవం కూలిపోతే, మిగిలిన రాజ్యం తలదాచుకున్న చోటు ఇది. కొండ కింద గగన్ మహల్, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి జైన ఆలయం... ఒక్క పూటలో అన్నీ చూడటం కుదరదు.

మేం కోట ద్వారం దగ్గర ఆగాం. అక్కడ పదకొండు అడుగుల ఆంజనేయస్వామి ఉన్నాడు. ఆ ద్వారం పేరు ఎర్రమంచి ద్వారం. పేరెక్కడో విన్నట్టుందే అనుకుంటున్నారా? వినే ఉంటారు. కియా ఫ్యాక్టరీ ఉన్న ఊరు ఎర్రమంచే! ఒకప్పుడు రాజుల కోట వాకిలికి పెట్టిన పేరు, ఇప్పుడు కార్ల కంపెనీ చిరునామాలోకి ఎక్కింది.

అమ్మ కారు దిగడానికి చాలాసేపు పట్టింది. మధ్య సీటు మడిచాం. ఒక కాలు బయటపెట్టి, తలుపు పైన చెయ్యి ఆనించి, రెండో కాలు లాక్కోవాల్సి వచ్చింది. కిందకు దిగి కాసేపు అలాగే నిలబడింది. 'కాళ్లు తిమ్మిరెక్కినాయి, అంతే' అంది. స్వామికి దణ్నం పెట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

హైవే ఎక్కాక కాసేపటికి ఫ్యాక్టరీ షెడ్లు కనిపించాయి. బావ గొంతులో గర్వం. 'ఇదంతా శెనక్కాయ చేన్లు బావా. వానొస్తే పంట, లేకుంటే లేదు' అన్నాడు. దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. అలాంటి చోటికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యం. నీళ్లు హంద్రీ-నీవా మీది గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. 2019 ఆగస్టులో సెల్టోస్‌తో అమ్మకాలు మొదలుపెట్టారు. 2022 ఫిబ్రవరిలో కారెన్స్ మార్కెట్లోకి వచ్చింది. దారి పొడవునా కార్లను మోసుకెళ్లే పొడవాటి ట్రెయిలర్లు, అక్కడక్కడా కొరియా అక్షరాల బోర్డులు. అమ్మ వాటిని వింతగా చూస్తూ, 'ఇది ఏ బాసరా?' అని అడిగింది.

మన ఊళ్లో చేసిన కారు కదా, అదే కొనేద్దాం అనిపిస్తుంది. అందులో తప్పేం లేదు. కానీ ఊరి మీది ప్రేమ మోకాళ్ల నొప్పిని తగ్గించదు కదా! అందుకే హైవే పక్కన టీ తాగి, సీట్లు మార్చుకున్నాం. ఈసారి మేం తమ్ముడి అల్కజార్ ఎక్కాం. నేను స్టీరింగు దగ్గర, నాన్న పక్కన, మధ్య సీట్లలో పిల్లలు. అమ్మ? అడగకుండానే మళ్లీ వెనక్కే!

చీరను తిప్పి చూస్తే...

పన్నెండో శతాబ్దంలో క్రియాశక్తి ఒడయరు అనే ఆయన చెరువు తవ్వించి, ఊరు కట్టించి, తల్లి ధర్మాంబ పేరు పెట్టాడని, అదే ధర్మవరమైందని చెబుతారు. తల్లి పేరు పెట్టుకున్న ఊరు పెళ్లి పట్టుకు పేరు తెచ్చుకోవడం బాగుంది. వీధుల్లో నడుస్తుంటే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ధర్మవరం చేనేత పట్టుకు భౌగోళిక గుర్తింపూ ఉంది. చిక్కటి నేత, వెడల్పాటి జరీ అంచు, వెలుతురు పడితే రెండు రంగులు మారే మెరుపు... ఇవీ ఇక్కడి చీర గుర్తులు.

దుకాణంలో చాప మీద కూర్చున్నాక అమ్మను చూడాలి! కారులో ముడుచుకుపోయి కూర్చున్న మనిషేనా ఈవిడ అనిపించింది. నలభై చీరలు తీయించింది. పైన మెరుపు చూసి అక్క 'ఇది బాగుంది' అన్నప్పుడల్లా, అమ్మ చీరను తిప్పేసి వెనకవైపు వేలితో తడిమేది. పోగులు ఎక్కడ వదులుగా ఉన్నాయో, జరీ ఎక్కడ తెగిందో చూసేది.

'ముందర పక్క అందరూ బాగానే నేస్తారు. ఎనక తట్టు చూసి కొనల్ల' అంది మేనకోడలితో.

నాకు గతుక్కుమంది. ఏడాదిగా నేను చూసిందంతా ముందర పక్కే! ఇంజిన్, తెర, గాజు కప్పు, చక్రాలు... మూడో వరస కోసమే కారు మారుస్తూ, ఒక్కసారైనా ఆ సీట్లో కూర్చోలేదు. డ్రైవరు సీట్లోంచి అక్కడున్న మనిషి ముఖం అద్దంలో సగమే కనిపిస్తుంది. మాట అసలే వినిపించదు.

తిరుగు ప్రయాణంలో తాళాలు బావకిచ్చి నేను వెనక్కి వెళ్లాను. పెనుకొండ దాకా ఒక కారులో, అక్కణ్నుంచి హిందూపురం దాకా రెండో కారులో. అప్పుడు తెలిసింది. రెండింట్లోనూ నేల ఎత్తుగా ఉండటంతో మోకాళ్లు పైకి లేచాయి. ఈ తరహా బళ్లలో ఇది మామూలే. సీటు సరిగ్గా వెనక చక్రాల దగ్గరుంటుంది కాబట్టి స్పీడు బ్రేకరు వచ్చినప్పుడు ముందువాళ్లకు ఊపు, వెనకవాళ్లకు కుదుపు. మధ్య వరసవాళ్లు సీటు కాస్త ముందుకు జరిపితే ప్రాణం లేచొచ్చింది. అంటే రెండు వరసలకూ ఉన్నది ఒకే జాగా, పంచుకోవాలంతే. నా మట్టుకు కారెన్స్‌లో కాళ్లకు చోటు కొంచెం ఎక్కువ దొరికింది, ఎక్కి దిగడం తేలికైంది. అల్కజార్‌లో మధ్య వరస హాయి వేరు. ఎప్పుడూ నలుగురే తిరుగుతూ, పండక్కో పబ్బానికో ఆరుగురయ్యే ఇంటికి అది బాగుంటుంది. మాలా ఎప్పుడూ ఆరుగురయ్యే ఇంటికి పెనుకొండ బండే నయమనిపించింది.

కానీ అసలు తీర్పు కారు గురించి కాదు, సీటు గురించి. హిందూపురం చేరాక అమ్మను అడిగాను, 'ఇన్నాళ్లూ కడుపులో తిప్పుతుందని ఎందుకన్నావు?' అని. అమ్మ నవ్వి ఊరుకుంది. నాన్నే అన్నారు... 'నేను ముందు కూర్చుంటే డబ్బులిచ్చినోడని కూర్చోబెట్టినట్టుంటుంది. మధ్యలో కిటికీ పక్కన మీ అమ్మను కూర్చోబెట్టండి. ఆమె పక్కన నేనుంటా.'

పిల్లలు వెనక్కి వెళ్తారు. వాళ్లు ఎదిగాక? అప్పటికి వంతులేసుకుందాం. నాతో సహా!

కొనేముందు ఇవి చూడండి

* మీరు చూసే మోడల్ ఏ ఏడాదిదో గమనించండి. అల్కజార్ 2024 సెప్టెంబరులో మారింది, పొడవు 4560 మిల్లీమీటర్లకు పెరిగింది. కారెన్స్ క్లావిస్ 2025 మేలో వచ్చింది. అదే ఏడాది జులైలో దాని ఎలక్ట్రిక్ రకం వచ్చింది.

* విడుదలైనప్పుడు షోరూం ధరలు అల్కజార్‌కు 14.99 లక్షలు, క్లావిస్‌కు 11.49 లక్షల నుంచి మొదలయ్యాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి కార్ల మీద సెస్ పోయి జీఎస్టీ 40 శాతమైంది. పాత ధరలు పట్టుకుని బేరానికి వెళ్లకండి. లైఫ్ ట్యాక్స్, బీమా కలిపిన మొత్తం రాయించుకోండి.

* ఎయిర్ బ్యాగులు ఆరున్నాయంటే సరిపోదు. క్రాష్ టెస్టు ఫలితం చూడండి. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో కారెన్స్‌కు మూడు నక్షత్రాలొచ్చాయి. 2023 నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. మీరు కొనే మోడల్‌కు తాజా రేటింగ్ ఏమిటో చూసుకోండి. మూడో వరసలోనూ బెల్టు పెట్టుకోవాల్సిందే.

* టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. ఇంటిల్లిపాదీ వెళ్లండి, అందరూ ఒకేసారి ఎక్కండి. కొనేవాళ్లు మూడో వరసలో కూర్చుని ఓ అరగంట తిరగండి. చీర కట్టుకున్న పెద్దావిడ ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగగలిగితే... ఆ కారు మీ ఇంటికి సరిపోయినట్టే.