కైలాస ప్రదక్షిణమునకు సన్నాహము

మా దివిసీమలో బిడ్డలకు కొండ యెట్లుండునో చూపవలెనన్న బెజవాడ దాక తీసికొని పోవలయును. మోపిదేవి మొదలు హంసలదీవి వఱకు ఎటు చూచినను వరిచేలు, అరటితోటలు. కృష్ణ కరకట్టకు మించి యెత్తైన నేల లేదు. అట్టి చోట పుట్టి, ప్రక్కయూరనే మెట్టిన మా వదినగారు ఏబదియెనిమిదవ యేట కైలాస పర్వతమునకు ప్రదక్షిణము చేయవలెనని సంకల్పించి, తోడుగా నన్ను రమ్మనిరి. "ఇన్నేండ్లు సుబ్రహ్మణ్యేశ్వరుని సేవించితిని. ఆయన తండ్రిగారి యిల్లు చూడవలదా?" అని యామె వాదము. దీనికి బదులు చెప్పగలవారు మా యింట లేరు.

ప్రదక్షిణమార్గము 52 కిలోమీటర్లు. టిబెట్టులోని దార్చెన్ అను గ్రామమున బయలుదేరి, పర్వతమును కుడిప్రక్క నుంచుకొని మూడు దినములు నడచి, మరల దార్చెనుకే రావలయును. రెండవనాడు దాటవలసిన డోల్మా కనుమ యెత్తు 5,630 మీటర్లు. బౌద్ధులకును జైనులకును ఈ కొండ పవిత్రమే. బోన్ మతస్థులు మాత్రము అప్రదక్షిణముగా తిరుగుదురు. భారత విదేశాంగశాఖవారు నడపు యాత్ర 2020లో నిలిచిపోయి, 2025 జూనులో మరల మొదలైనది. ఆ యేట కేటాయించిన స్థానములు 750. వయస్సు 18కి తక్కువయు 70కి ఎక్కువయు నుండరాదు. కిలోలలోని బరువును మీటర్లలోని యెత్తు వర్గముచే భాగింపగా వచ్చు సంఖ్య 25కు మించరాదు. ఢిల్లీలో నొకమారును, దారిలో నెత్తైన చోట మఱియొకమారును వైద్యపరీక్ష జరుగును. వదినగారి యెత్తు మీటరున్నర. అనగా బరువు 56 కిలోలు దాటరాదన్నమాట. మొదటిదినమున త్రాసు 61 చూపినది. త్రాసు చెడిపోయినదని యామె తీర్పు చెప్పిరి.

కాళ్ల సంగతి మాకంత కష్టము కాలేదు. వేకువను నాలుగు గంటలకు కరకట్టమీద నడక మొదలిడితిమి. తొలుత మూడు కిలోమీటర్లు, నాలుగవ నెలకు పండ్రెండు. ఆ వేళ నెన్నుకొనుటకు కారణ మున్నది: వదినగారు జన్మలో మొదటిసారి చుడీదారు ధరించిరి. పాలవాడు తప్ప మమ్మెవ్వరును చూడలేదు. పాలవాడు చాలును, ఊరంతకు తెలిసినది. చదునునేల నడక మాత్రము చాలదు. ఎక్కుటయు, అంతకంటె దిగుటయు అలవడవలయును; మోకాళ్లు మొఱపెట్టునది దిగునప్పుడే. 1977 నవంబరు 19 నాటి యుప్పెన పిమ్మట మా సీమలో తుపాను ఆశ్రయభవనములు కట్టిరి. మా కందుబాటులో నున్న కొండ యదియే. సాయంకాలము దాని మెట్లు ఇరువదిమార్లు ఎక్కి దిగుదుము. వీపుసంచిలో మొదట రెండు కిలోల బియ్యము పెట్టుకొంటిమి. ఇప్పుడు ఆఱు కిలోలకు వచ్చితిమి. క్రొత్తబూట్లు యాత్రనాడే తొడిగినవారికి పొక్కులు తప్పవు. మావి మూడు నెలలుగా కరకట్ట దుమ్ము త్రాగుచున్నవి.

ఐతే కాళ్లకు నేర్పవచ్చును గాని, ఊపిరికి నేర్పుటకు ఈ పల్లమున వీలు లేదు. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడనైనను నూటికి 21. కాని పైకి పోయినకొలది గాలి యొత్తిడి తగ్గును. డోల్మా కనుమయొద్ద అది యిక్కడిదానిలో ఇంచుమించు సగము. కావున ఒక్కొక్క శ్వాసకు అందునదియు సగమే. శరీరము దీని కలవాటుపడును, అయితే తన తీరిక ననుసరించియే. 3,000 మీటర్లు దాటిన పిమ్మట రాత్రి నిదురించు చోటు దినమునకు 500 మీటర్లకంటె ఎక్కువగా పెంచరాదనియు, మూడు నాలుగు దినములకొకమారు ఒకచోటనే యాగవలెననియు పర్వతవైద్యులు చెప్పుదురు. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లను ఆగకుండ ఎక్కగలవారికైనను ఈ నియమము తప్పదు. బలముమీది నమ్మకముతో తొందరపడు యువకులును జబ్బుపడుచునే యుందురు.

మనుచరిత్రము చదివినవారెల్లరును వరూధినినే తలచుకొందురు గాని, నాకీ నడుమ ప్రవరుని పాదలేపనమే స్మరణకు వచ్చుచున్నది. పసరు పూసికొని క్షణములో హిమాలయము చేరినాడు; మంచునీట పసరు కరగిపోగా ఇంటిదారి తోచక నిలిచిపోయినాడు. నేటి పసరు హెలికాప్టరు. నేపాలు మీదుగా కొద్దిదినములలోనే పైకి చేర్చి దింపెదననియు, ఆయాసమైనచో ఆక్సిజను సిలిండరు సిద్ధముగ నుండుననియు యాత్రల యేజెంటొకడు మాకు చెప్పినాడు. 2018 జూలైలో వానలకు విమానములును హెలికాప్టర్లును ఎగురక, నేపాలులోని సిమికోట్, హిల్సాలలో వేయిమందికి పైగా భారతీయ యాత్రికులు చిక్కుపడిరి. వారిలో తెలుగువారును ఉండిరి. ఆ మాట చెప్పగా నతడు మఱల మా యింటికి రాలేదు.

వంటయింటివారికి పనికివచ్చు మాటయొకటి. దార్చెన్ యెత్తున నీరు 85 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరనే మరగును. ప్రెషరుకుక్కరు లేనిచో అన్నమే పలుకు విడువదు, ఇక కందిపప్పు సంగతి చెప్పనేల! అందువలన సున్నుండలు, వేరుసెనగ అచ్చులు, పేలపిండి, వేడినీరు పోసిన మెత్తబడునట్లు వేయించిన రవ్వ సిద్ధము చేయుచున్నాము. ఎత్తునకు పోయిన ఆకలి మందగించునట. కావున నిమ్మకాయ యూరగాయయు తప్పదు. ఒంటి నంటియుండు బట్ట నూలుది కారాదు, చెమటకు తడిసిన త్వరగా ఆరక చలి పుట్టించును. పలుచని ఉన్నిబట్టపై ఒకదానిమీద నొకటిగా ధరించుట మేలు. మఱియొక మాట. నెలసరి తప్పించుకొనుటకు అంగడిలో మాత్రలు కొని మ్రింగు అలవాటు యాత్రలలో ఉన్నది. వానిలో కొన్నింటివలన రక్తము గడ్డకట్టు నపాయము హెచ్చును. వైద్యుల నడుగక సోదరీమణులు వానిని ముట్టకుందురుగాక.

ఇక అసలు సంగతి. ఒకనాడు వదినగారి యింట పోపులపెట్టె వెనుక రక్తపుపోటు మాత్రలు నా కంటబడినవి. ఏడాదిగా ఎవ్వరికిని చెప్పక వాడుచున్నారట. పరీక్షలోను చెప్పరాదని నిశ్చయించుకొన్నారట.

"చెప్పిన పంపరు. చెప్పక పోయి అక్కడ ప్రాణము పోయిననేమి? అంతకన్న మంచిచోటు నా కెవరు చూపుదురే? ద్రౌపది పడిపోయిననాడు ధర్మరాజు వెనుదిరిగి చూచెనా?" అని యామె నన్నే యడిగిరి.

"వారిది మహాప్రస్థానము, వదినగారూ. తిరిగి రామని యెఱిగియే బయలుదేరినారు. మీరు సంకల్పము చెప్పుకొన్నది ప్రదక్షిణమునకు. బయలుదేరిన చోటికి మరల రానిచో అది ప్రదక్షిణ మెట్లగును? మీరు పడిపోయిన మోసికొని దింపువారికిని ఇంట భార్యాబిడ్డలుందురు గదా!" అంటిని.

రెండు దినములు మాటలు లేవు. మూడవనాడు వదినగారే మా యింటికి వచ్చి, తమ తమ్మునితో, అనగా మావారితో, ఉన్నది యున్నట్లు చెప్పి మచిలీపట్టణమునకు బయలుదేరిరి. అక్కడి వైద్యులు మాత్ర మార్చి, ప్రతిదినమును కొలత వ్రాసి యుంచుమనిరి. దాచినచో తామే యాత్ర వలదని వ్రాసి యిత్తుమని కూడ చెప్పిరి. పోటు ఇప్పుడు అదుపులో నున్నది, బరువు 57. ఢిల్లీవారేమందురో చూడవలసియున్నది. రక్తపుపోటు, మధుమేహము, ఉబ్బసము, హృద్రోగము గలవారి విషయమున వారు కఠినముగనే యుందురు.

మా యిద్దరి నడుమ ఒక యొప్పందము జరిగినది. తలనొప్పితో వాంతి యగుట, మడమకు వ్రేళ్లు తాకించుచు గీతమీద నడువబోయిన తూలుట, కూర్చున్నను ఆయాసము తగ్గకుండుట, వీనిలో ఏది కనబడినను చూచినవారు "మరలుదము" అనవలయును, రెండవవారు మాఱుపలుకరాదు. అట్టి స్థితిలో క్రిందికి దిగుటయే మొదటి మందు. జబ్బుపడినవారికి తమ జబ్బు తెలియదట, అందుచే తీర్పు వారి చేతిలో నుంచలేదు.

ఈ మరలుటను కూడ కరకట్టమీద అభ్యసించుచున్నాము. పోవుచు పోవుచు ఏదో యొకచోట నేను "మరలుదము" అందును. మొదట్లో వదినగారు ఆ చింతచెట్టుదాకనైన పోదమని బేరమాడెడివారు. ఇప్పుడు అడుగు మధ్యలోనే వెనుదిరుగుదురు. మొన్న పులిగడ్డ యింక కొంతదూర మున్నదనగా ఆమెయే నాతో ఆ మాట అనిరి. గాలి చల్లగా నుండి హుషారుగా నడచుచుంటిని. ఆ క్షణమున మరలుట యెంత కష్టమో నాకును తెలిసినది.

తిరిగి వచ్చుచు, "ఢిల్లీలో నన్నాపినచో నీ వొక్కతెవు పోదువా?" అని యడిగిరి. మన యొప్పందము కొండవఱకే గాని, ఢిల్లీ మాట అందు లేదంటిని. చాలదూరము ఊరకుండి, "అట్లైన పోయి రమ్ము. మానససరోవరపు నీళ్లు ఒక సీసాడు తెమ్ము. గోంగూర సీసా ఖాళీ అగును గదా, అందులోనే పట్టుకొని రమ్ము" అనిరి. వచ్చు నెలలో తిరుమల మెట్లు వరుసగా రెండుదినములు ఎక్కుదుము. సంచి తామే మోతురట.