తలనొప్పి వెనక దాగిన మాట

నిద్ర పట్టడం లేదు, గుండె దడ, అన్నం సహించదు, ఎప్పుడూ తల బరువు. ఈ బాధలు చెప్పి పద్దెనిమిది, ఇరవయ్యేళ్ళ ఆడపిల్లలను తల్లులు మా ఓ.పీ.కి తీసుకువస్తుంటారు. పరీక్ష చేయిస్తే రక్తం కాస్త తక్కువే ఉంటుంది. మన ఆడపిల్లల్లో ఎందరికి సరిగ్గా ఉంటుంది గనుక! ఐరన్ మాత్రలు రాయించుకుని తల్లి తృప్తిపడుతుంది. పిల్ల మాత్రం ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూనే ఉంటుంది.

అలాంటప్పుడు తల్లిని కాసేపు బయట కూర్చోమని, నర్సమ్మను దగ్గర ఉంచుకుని అడుగుతాను. మొదటిసారి చెప్పరు. రెండోసారో, మూడోసారో నోరు విప్పుతారు. నమ్మి పంపిన ఫోటో, లేదా తెలియకుండా తీసిన వీడియో, ఇప్పుడు ఎవరెవరి చేతుల్లోకి పోయిందో తెలియదు. ఒకరి ముఖం ఇంకొకరి ఒంటికి కంప్యూటరుతో అతికించే దుర్మార్గం కూడా ఈమధ్య మొదలైంది.

"ఇంట్లో చెప్పావా అమ్మా?" అంటే తల అడ్డంగా ఊపుతారు. ఎందుకు చెప్పరో మీకు తెలియనిది కాదు. "అసలు నువ్వెందుకు పంపావే?" ఇదీ మన ఇళ్ళలో మొదటి ప్రశ్న. ఆ తరవాత ఫోను లాక్కుంటారు, కాలేజీ మానిపిస్తారు, నెల తిరక్కుండా సంబంధాలు వెతుకుతారు. స్టేషనుకు వెళితే ఆ బొమ్మను పదిమందీ చూస్తారేమోనని మరో దిగులు. బెదిరించేవాడికి అసలు బలం ఆ ఫోటో కాదు సుమండీ, మీ కోపమంటే పిల్లకున్న భయం!

ఈ విషయంలో చట్టం మనకన్నా నయం. ఫోటో తీయడానికి ఒప్పుకున్న స్త్రీ దాన్ని ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, అలా పంపడం నేరమేనని 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షనులోనూ అదే మాట ఉంది. ఈ ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. అలాంటి బొమ్మలపై ఫిర్యాదు అందితే తొలగించడానికి కంపెనీలకు 2021 నాటి నిబంధనలు మొదట 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు. ఆ ఫిర్యాదు బాధితురాలే చేయనక్కరలేదు, ఆమె తరఫున మీరూ చేయవచ్చు. పిల్లకు చేతులు వణుకుతున్న వేళ ఆ పని మీరు చేసిపెట్టండి.

సిగ్గుతో మెసేజీలన్నీ చెరిపేసేవారున్నారు. చెరపనివ్వకండి, సాక్ష్యం అవే. తేదీ, నెంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయించి ఉంచండి. డబ్బు అడిగితే ఇవ్వకండి. ఇచ్చినకొద్దీ అడుగుతాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930.

మగపిల్లల తల్లిదండ్రులు ఈ పేజీ తిప్పేయకండి. వీడియో కాల్‌లో కవ్వించి, రికార్డు చేసి, డబ్బు గుంజే ముఠాలకు చిక్కేది ఎక్కువగా వాళ్ళే. "మగాడివై ఉండి!" అంటారని వాళ్ళు ఇంకా గట్టిగా నోరు మూసుకుంటారు.

విషయం బయటపడిన రాత్రి ప్రశ్నలు వేయకండి. "నీ తప్పు లేదు, మేమున్నాం" అన్న రెండు ముక్కలు చాలు. పక్కనే పడుకోండి. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, పురుగుల మందు అందకుండా దాచండి. బతకాలని లేదన్న మాట వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. టెలిమానస్ నెంబరు 14416. పగలైనా, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.