గోడలు లేచాక ఎవరుంటారు?



అమెరికాలో ఉన్న మన సంఘపు అబ్బాయి ఒకడు డెట్రాయిట్ రైల్వే స్టేషన్ ఫోటో పంపాడు. 1988లో మూతపడి పాడుబడిన ఆ భవనాన్ని ఫోర్డు కంపెనీ 2018లో కొని, బాగుచేసింది. 2024లో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

1950లో ఆ పట్టణంలో 18 లక్షల పైచిలుకు జనం. కార్ల ఫ్యాక్టరీలు తగ్గాయి, ఉన్నవాళ్లు శివార్లకు తరలిపోయారు. 2010 నాటికి మిగిలింది 7 లక్షల చిల్లర. 2013లో పట్టణమే దివాలా తీసింది.

"అయ్యగారూ, ఈ ఊరు మళ్లా లేస్తుందంటారా?" అని అడిగాడు. అతనుండేది మాత్రం నోవైలో, ఊరి బయట.

మన గండికోటలో ప్రాకారం ఉంది, ధాన్యాగారం ఉంది, గుడీ మసీదూ ఉన్నాయి. చూసిపోయేవాళ్లు చాలామంది. లోపల కాపురముండేది చిన్న పల్లె.

నెహెమ్యా 52 దినాల్లో గోడ ముగించాడని చెప్పి మేము ప్రసంగం ఆపేస్తుంటాం. తర్వాత చదవండి. పట్టణం విశాలం, జనం కొద్దిమంది. అందుకే చీట్లు వేసి పదిమందిలో ఒకరిని యెరూషలేములో కాపురానికి తెచ్చారు. ఇష్టపడి వచ్చినవారిని ప్రజలు దీవించారు.

2023లో డెట్రాయిట్ జనాభా కాస్త పెరిగిందని సెన్సస్ అంచనా. 1957 తర్వాత అదే మొదటిసారి. స్టేషను కంటే నాకు అదే పెద్ద వార్త.

మన వీరపునాయునిపల్లె నుంచి కువైటుకో బెంగళూరుకో పోయినవారిని తప్పుపట్టను. నీళ్లు, పని లేకుండా ఉండమనడం న్యాయం కాదు. కానీ ఉండిపోయినవారిని చేతకానివారని అనకండి. వారిని దీవించండి. వారివల్లే ఊరు ఊరుగా ఉంది.

ఆమేన్.