మా బడి ఫోటోలు

మాది హోసూరు దగ్గర పల్లె. నేను తొమ్మిదో తరగతి. మా తెలుగు బడికి వెబ్‌సైట్ చేద్దామని అయ్యవారు అనుకున్నారు. ఫోటోలు సరిచేసే పని నాకు ఇచ్చినారు. సంతోషమే కానీ, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేసేది?

ఫోటోషాప్ పేరు అందరికీ తెలుసు. 1990లో వచ్చింది. ఇప్పుడు దానికి చందా కట్టాల. స్టూడియోలో పనిచేసే మా మామ, "దొంగ కాపీ ఒకటి వేసిస్తా పాపా" అన్నాడు. అయ్యవారిని అడిగితే, "బడి పనికి దొంగ సరుకు వద్దమ్మా" అనేసినారు.

మామ దగ్గరుండే ఇంకో పాత సాఫ్ట్‌వేర్‌లో 'కృష్ణగిరి' అని రాసి చూస్తిని. ష ఒకచోట, ణ ఒకచోట. ఒత్తులన్నీ విడిపోయినాయి. తెలుగు బడి వెబ్‌సైట్‌లో తెలుగే ఇట్లుంటే నగరా?

అప్పుడు గింప్ దొరికింది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరు మొదలుపెట్టినారు. 1996లో బయటికొచ్చింది. ఉచితం. అందులో రాస్తే ఒత్తులు చక్కగా కూర్చున్నాయి. దాన్నే ఎంచుకుంటిని.

నేర్చుకున్న ముఖ్యమైన సంగతి సైజు. ఫోన్ ఫోటో 4000 పిక్సెల్స్ వెడల్పు, 3000 ఎత్తు. అంటే 1 కోటి 20 లక్షల చుక్కలు. వెబ్‌సైట్‌కి 1200 వెడల్పు, 900 ఎత్తు చాలు. 4 ఎంబీ ఫోటో సుమారు 200 కేబీకి దిగింది. పల్లెలో సిగ్నల్ తక్కువున్నా తొందరగా తెరుచుకుంటుంది. అసలు ఫోటోని మాత్రం చెరపకుండా వేరే ఫోల్డర్‌లో దాచిపెట్టాల.

చివరికి మా తరగతి ఫోటో వచ్చింది. మేము పదకొండు మందిమే. వెనక బల్లలు ఖాళీ. "క్లోన్ టూల్‌తో నలుగురిని అతికించు, నిండుగా ఉంటుంది" అన్నాడు మామ. అతికిస్తిని. బాగానే కనిపించింది. అవ్వకు చూపిస్తే, కళ్ళద్దాలు సర్దుకొని, "ఈ పాపకి కవల ఉందా?" అనింది. నాకు సిగ్గేసింది. వెంటనే చెరిపేస్తిని.

వెలుతురు పెంచడం, వంకర సరిచేయడం తప్పు కాదు. లేని పిల్లల్ని చూపించడం తప్పు. అయ్యవారికి ఖాళీ బల్లల ఫోటోనే ఇచ్చినాను. ఆయన కాసేపు చూసి, "దీన్నే పెడదాం" అన్నారు. దాని కింద నేను ఒక్క వాక్యం రాసినాను: "ఇంకా చోటుంది, మీ పిల్లల్ని పంపండి."