బొలోన్యాలో గొడుగు విప్పని వాన

నవంబరులో ఉత్తర ఇటలీ వెళ్లొద్దని మాకు చెప్పినవాళ్లంతా వెనిస్‌నీ మిలాన్‌నీ చూసి చెప్పినవాళ్లే. బొలోన్యా సంగతి వేరు. రైలు దిగేసరికి జోరున వాన. స్టేషన్ ముందు రోడ్డు దాటి ఇండిపెండెన్సా వీధిలో అడుగుపెట్టాక, ఊరి నడిబొడ్డున ఉన్న పియాజ్జా మజ్జోరె దాకా, అడ్డవీధులు దాటేటప్పుడు తప్ప నెత్తిన చుక్క పడలేదు. ఇళ్ల పై అంతస్తులు స్తంభాల మీద ముందుకు వచ్చి నిలబడతాయి. వాటి కింద జనం నడుస్తారు. ఇవే పోర్టికోలు. పాత ఊళ్లోనే దాదాపు 38 కిలోమీటర్ల పొడవున్నాయి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి.

మన పెంకుటిళ్ల వసారాలన్నీ ఒకదానికొకటి కలిపేసి, ఎవరైనా నడుచుకోవచ్చని ఊరంతా ఒప్పుకున్నట్టుంటుంది. ఊరికే ఒప్పుకోలేదు లెండి. 1088లో పుట్టిందని చెప్పుకునే ఇక్కడి విశ్వవిద్యాలయానికి విద్యార్థులు తండోపతండాలుగా వస్తుంటే, అద్దె గదుల కోసం ఇళ్లవాళ్లు పై అంతస్తుల్ని వీధి మీదికి పెంచేసి కింద దుంగలు ఆసరా పెట్టారు. ఆక్రమణే. మన దగ్గరైతే కూల్చడమో, రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించడమో జరిగేది. బొలోన్యా 1288 నాటి చట్టంతో మూడో దారి పట్టింది. పోర్టికో కట్టాల్సిందే, స్థలం ఇంటివాడిది, మరమ్మతు ఇంటివాడిది, నడిచే హక్కు మాత్రం అందరిదీ. గుర్రం మీద వెళ్లే మనిషి తల తగలనంత ఎత్తూ ఉండాలి. ఈ ఊళ్లో ఏ చర్చికన్నా నాకు ఈ బేరమే ఎక్కువ నచ్చింది.

మజ్జోరె వీధిలో ఇసొలానీ వాళ్ల ఇంటి ముందు పాతకాలపు చెక్క పోర్టికో ఒకటి మిగిలింది. నల్లబడ్డ ఓక్ దూలాలు చాలా ఎత్తున ఉంటాయి. వాటిలో ఎప్పుడో గుచ్చుకున్న బాణాలున్నాయని కథ. వచ్చినవాళ్లంతా మెడలు వెనక్కి వాల్చి వెతుకుతూ ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. కింద మాత్రం చూసుకుని నడవాలి. చాలాచోట్ల మన పాత బంగళాల్లోలాంటి మొజాయిక్ గచ్చు. గొడుగుల్లోంచి కారిన నీళ్లతో జర్రున జారుతుంది.

సాన్ పెత్రోనియో చర్చిని 1390లో మొదలుపెట్టి, ముఖభాగం ఇప్పటికీ పూర్తిచేయలేదు. కింద సగం పాలరాయి, పైన వట్టి ఇటుక. లోపల నేల మీద 66 మీటర్లకు పైగా సాగే ఒక గీత ఉంది. 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీని గీయించినది. పైకప్పులోని చిన్న రంధ్రం గుండా మధ్యాహ్నపు ఎండ బిళ్లలా ఈ గీత మీద పడుతుంది. ఆ రోజు ఏ తేదీయో, సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో చెబుతుంది. మేము వెళ్లినరోజు సూర్యుడు సెలవు పెట్టాడు. అయినా సరిగ్గా మధ్యాహ్నానికి ఓ పదిమంది గీత పక్కన నిలబడి పైకి చూస్తూనే ఉన్నారు.

పక్కనే, విశ్వవిద్యాలయపు పాత భవనం ఆర్కిజిన్నాసియోలో, 1637 నాటి శవచ్ఛేదన పాఠాల గది. గోడలు, మెట్లబల్లలు అన్నీ చెక్కే. నడుమ పాలరాతి బల్ల. గురువుగారి పీఠం మీది కప్పును మోస్తూ చర్మం ఒలిచిన ఇద్దరు మనుషుల చెక్కబొమ్మలు. 1944 జనవరిలో బాంబు పడి గది నేలమట్టమైతే, శిథిలాల్లోంచి బొమ్మల్నీ చెక్కల్నీ ఏరి మళ్లీ కట్టారు. చూసి బయటికొచ్చాక, చిత్రంగా, ఆకలేసింది.

మార్కెట్ సందుల్లో ఒక దుకాణం అద్దం వెనక ఓ పెద్దావిడ పాస్తా చేస్తోంది. గుడ్లతో కలిపిన పసుపచ్చని పిండిని ఆవిడ చేతికన్నా పొడుగైన కర్రతో బల్ల నిండా ఒత్తింది. చిన్న చదరాలుగా కోసి, బఠాణీ గింజంత మాంసం ముద్ద పెట్టి, ముక్కోణంగా మడిచి, చిటికెన వేలికి చుట్టి నొక్కింది. తోర్తెల్లీని తయారు. చూస్తుండగానే పళ్లెం నిండింది. ఆవిడ ఒక్కసారీ వేళ్లవంక చూసుకోలేదు, పక్కావిడతో కబుర్లే.

అవే నాకు హోటల్లో మరిగే మాంసం చారులో వచ్చాయి. లోపల పంది మాంసం, మొర్తదెల్లా, చీజ్. పైకి జాజికాయ వాసన. తడిసి వచ్చిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? హైదరాబాద్ మెనూల్లో కనిపించే స్పఘెట్టి బొలోనీజ్ ఇక్కడి సంప్రదాయ వంటిళ్లలో ఉండదు. మాంసం కూర కలిపేది వెడల్పాటి తాల్యతెల్లె పాస్తాతోనే. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లుండాలని 1972లో వాణిజ్య మండలిలో బంగారు నమూనా పెట్టి మరీ నమోదు చేయించారు. ఈ పట్టింపు నాకు నవ్వు తెప్పించింది గానీ, తిన్నాక నోరెత్తలేదు. మా ఆవిడ శాకాహారి. తనకి రికోత్తా చీజ్ కూరిన పెద్దసైజు తోర్తెల్లోని, వెన్నలో వేగిన సేజ్ ఆకులతో. పైన చల్లిన పార్మిజానో చీజ్ కోసం పాలను దూడ కడుపులోని రెన్నెట్‌తో విరగ్గొడతారన్న సంగతి ఇది చదివాకే తనకి తెలుస్తుంది.

సాయంత్రం సాన్ లూకా గుట్టకు బయల్దేరాం. దాదాపు 3.8 కిలోమీటర్లు, 666 కమానులు, పైన ఉన్న మేరీమాత గుడి దాకా పోర్టికో నీడే. 1433లో విడవని వానలకు పంట మునిగిపోతుంటే, గుట్ట మీది మేరీమాత పటాన్ని ఊళ్లోకి ఊరేగించారట. పటం రాగానే వాన ఆగిందంటారు. మనం వానకోసం కప్పతల్లి ఆడతాం; వీళ్లు ఆపడానికి మొక్కుకున్నారు. అప్పట్నుంచి ఏటా తెస్తున్నారు. ఆ దారి వానకు తడవకుండా 1674లో ఈ పోర్టికో మొదలైంది. కమానుకింత అని చందాలిచ్చిన కుటుంబాల, వృత్తి సంఘాల పేర్లు గోడల మీద కనిపిస్తాయి.

పైన మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. బెంచీ మీద కూర్చున్న స్థానికురాలిని, ఇప్పటికీ అమ్మ వస్తే వాన ఆగుతుందా అని అడిగాను. పకపకా నవ్వింది. "ఆగడమా? మే నెలలో ఆవిడ కిందికి దిగిందంటే వాన పడాల్సిందే. ఆ వారం మేం దుప్పట్లు ఉతుక్కోం."