సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు, ఒక కన్నడ చీటీ

మన దేశంలో సొంత కారుకి పదిహేనేళ్ళ దాకా ఎవరూ పరీక్ష పెట్టరు. టాక్సీకి, లారీకి అయితే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటుంది, మొదట్లో రెండేళ్ళకోసారి, ఎనిమిదేళ్ళు దాటాక ఏటా. ఇంటి కారు మాత్రం ఒకసారి రిజిస్టరైతే 15 ఏళ్ళు దాని దారి దానిదే. ఆ తర్వాత ఆర్టీఓ ఆఫీసులో చూసి ఇంకో ఐదేళ్ళు పొడిగిస్తారు. మధ్యలో ఉండేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే. అది పొగని చూస్తుంది గానీ బ్రేకుని చూడదు, సీటు కింద ఏముందో అసలే చూడదు.

ఇంగ్లండులో ఉన్న మన బంధువులకి ఇది చెబితే ఆశ్చర్యపోతారు. అక్కడ మూడేళ్ళు దాటిన కారు ఏటా ఎంఓటీ పరీక్షకి వెళ్ళాలి. కారు నంబరు కొడితే చాలు, ఏ ఏడు పాసైంది, ఏ ఏడు ఎందుకు ఫెయిలైంది, ఆ రోజు మీటరు ఎంత, అన్నీ పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. జపాన్‌లో 'షాకెన్' అని ఉంది, కొత్త కారుకి మూడేళ్ళకి, తర్వాత రెండేళ్ళకోసారి. మనకి అలాంటి పుస్తకం లేదు. కాబట్టి కొనేవాళ్ళే దాన్ని ముక్కముక్కగా తయారు చేసుకోవాలి. చెన్నైలో మేం ఒకసారి అలా చేసుకున్నాం, ఆ సంగతే ఇది.

తమ్ముడు ఒక స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డాడు. రెండు డోర్లు, టర్బో ఇంజను, 2016 నవంబరులో బెంగళూరులో రిజిస్టరైన బండి. వాడికి ఈ పిచ్చి కొత్తది కాదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో రేసులుంటే ఆదివారం ఇంట్లో కనబడడు. అమ్మేది మాకు మామయ్య వరసయ్యే పెద్దాయన. నెల్లూరు నుంచి మూడు తరాల కింద వచ్చిన కుటుంబం, అన్నానగర్‌లో ఇల్లు. మేం ఉద్యోగానికి చెన్నై వచ్చిన కొత్తలో ఇల్లు చూసిపెట్టి, పాలవాడితో సహా మాట్లాడిపెట్టింది ఆయనే. అడిగింది 18 లక్షలు. తమ్ముడు ఫ్లాటు అడ్వాన్సుకని దాచిన డబ్బు దాదాపు అంతే.

"మనలో మనకి పేపర్లేంటమ్మా? ఓసారి నడిపి చూడండి, చాలు" అన్నారు మామయ్య.

ఇక్కడే మనవాళ్ళకి చిక్కు. పరాయివాడినైతే నిలదీసి అడుగుతాం. సొంతవాళ్ళని అడిగితే నమ్మకం లేదన్నట్టు ఉంటుందని నోరు మూసుకుంటాం. మేం పదేళ్ళుగా చేస్తున్న పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రాసినవాడు ఎంత మంచివాడైనా ప్రోగ్రాముని పరీక్షించే పంపుతాం, అందులో వాడికి అవమానం ఏమీ లేదు. అయినా ఇంట్లో ఆ మాట పనికిరాదు. అందుకని మామయ్యకి మా తాత సంగతి చెప్పాం. ముళబాగిలు సంతలో తాత ఎద్దుల్ని కొనేటప్పుడు, అమ్మేది సొంత బావమరిదైనా సరే, నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, ఒంటి మీద సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు. ఆ తర్వాతే కూర్చుని కాఫీ. మామయ్య నవ్వి, "సరే, పళ్ళు చూసుకోండి" అని ఫైలు చేతికిచ్చారు.

మొదట చూసింది ఛాసిస్ నంబరు. 17 అక్షరాలు. మామయ్య 2023లో కొన్నాక బండిని తమిళనాడుకి మార్చి ఇక్కడి నంబరు తీసుకున్నారు. నంబరు మారితే బండి చరిత్ర రెండు ముక్కలవుతుంది, పాత సర్వీసు రికార్డులు పాత నంబరు కింద ఉండిపోతాయి. ఛాసిస్ నంబరు మాత్రం మారదు. ఆర్సీలో, ఇన్సూరెన్సులో, బండి మీద కొట్టినదానిలో ఆ నంబరు ఒకటేనా అని అక్షరం అక్షరం సరిచూశాం. ఒకటే.

రెండోది ఎంపరివాహన్ యాప్. ఎన్నో ఓనరు, బ్యాంకు అప్పు ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, చలాన్లు ఏమైనా మిగిలాయా. అప్పు తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉండిపోతుంది కొన్నిసార్లు, దానికి ఫారం 35 పెట్టి తీయించుకోవాలి. ఇక్కడ అదేం లేదు, అన్నీ శుభ్రం.

మూడోది వానలు. చెన్నైలో పాత కారు కొనేవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎంత మైలేజి' కాదు. 2015 డిసెంబరులో బండి ఎక్కడుంది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానప్పుడు ఎక్కడుంది అన్నది. వేళచ్చేరి వాళ్ళు గట్టి వాన అనగానే కార్లు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టడం ఊరికే కాదు. మామయ్య 2023 తుఫానుకి బండిని ఒక ఆఫీసు బిల్డింగు రెండో అంతస్తులో పెట్టించారు, ఆ రోజు ఫోటో కూడా చూపించారు. "అంతకుముందు బెంగళూరు బండమ్మా. కొండ మీది ఊరు. అక్కడ వరదేంటి?" అన్నారు.

మేం బెంగళూరు పక్కన పెరిగినవాళ్ళం. 2022 సెప్టెంబరు మొదటి వారంలో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు ఏమయ్యాయో గుర్తుంది. ఐటీ ఆఫీసులకి జనం ట్రాక్టర్ల మీద వెళ్ళారు, ఖరీదైన కాలనీల్లో పెద్ద పెద్ద కార్లు అద్దాల దాకా మునిగాయి.

ఫైల్లో మొదటి ఓనరు ఇన్సూరెన్సు కాగితాలు కొన్ని ఉన్నాయి. పారేయకుండా ఉంచినందుకు మామయ్యకి దండం పెట్టాలి. ఇవి ఎలా చదవాలో అందరికీ తెలిస్తే మంచిది. ఏడాదంతా క్లెయిము లేకపోతే నో క్లెయిమ్ బోనస్ ఇస్తారు. అది 20, 25, 35, 45, 50 శాతం అని మెట్లు ఎక్కుతుంది. క్లెయిము చేస్తే, ప్రత్యేకంగా రక్షణ కొనుక్కుని ఉంటే తప్ప, సున్నాకి పడిపోతుంది. ఈ బండికి 2021 నవంబరు పాలసీలో 50 శాతం ఉంది. 2022 నవంబరులో అదే ఓనరు పేరు మీద సున్నా. అంటే ఆ పన్నెండు నెలల్లో ఏదో జరిగింది.

"బంపరు గీసుకుని ఉంటుందిలే" అన్నారు మామయ్య. అయ్యుండొచ్చు కూడా.

తమ్ముడు స్కానరు తెచ్చి డాష్‌బోర్డు కింద తగిలించాడు. ఒక్క ఫాల్టు కోడు కూడా లేదు. వాడి మొహం వెలిగిపోయింది. కానీ అదే స్కానరులో ఇంజను తనని తాను పరీక్షించుకునే 'రెడీనెస్' టెస్టులు సగం 'పూర్తి కాలేదు' అని చూపిస్తున్నాయి. కోడులు చెరిపేసినా, బ్యాటరీ తీసిపెట్టినా అవి మొదటికొస్తాయి, కొన్నాళ్ళు నడిస్తేగానీ నిండవు. ఎవరో ఈ మధ్యే పలక తుడిచారన్నమాట. మామయ్యని అడిగితే, పోయిన వారం మెకానిక్కు 'ఏదో లైటు వెలుగుతుంటే ఆర్పాడు' అన్నారు.

ఇక చీటీ. ఫైలు వెనక జేబులో నాలుగు మడతలు పెట్టిన చేతిరాత బిల్లు, 2022 అక్టోబరుది, బెంగళూరులో ఎవరో ఆటో ఎలక్ట్రీషియన్ రాసింది. మామయ్య ఇక్కడే పుట్టి తమిళంలో చదువుకున్నారు. తెలుగు కమ్మగా మాట్లాడతారే గాని చదవలేరు, ఇంక కన్నడ ఎక్కడ. కారు కడిగించిన బిల్లనుకున్నారట. మేం పదో తరగతి దాకా కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. చెన్నైలో ఆ చదువు దేనికి పనికొస్తుందని మమ్మల్ని ఆటపట్టించని చుట్టం లేరు. చీటీలో మూడు లైన్లున్నాయి: 'నీరు హోగిద్ద గాడి. కార్పెట్ తెగెదు ఒణగిసిదె. సీట్ కెళగిన వైర్ బదలాయిసిదె.' నీళ్ళు వెళ్ళిన బండి. కార్పెట్ తీసి ఎండబెట్టాం. సీటు కింద వైరు మార్చాం.

ఎక్కడ చూడాలో తెలిశాక చూడడం ఎంతసేపు? సీటు బెల్టుని చివరిదాకా లాగితే, మామూలుగా బయటికి రాని భాగంలో బురద గీత. సీటు పట్టాల బోల్టులకి తుప్పు. డ్రైవరు సీటు కింద ఒక కనెక్టరుకి పచ్చగా కిలుము. స్పోర్ట్స్ కారు నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి కొద్ది నీళ్ళకే లోపలికి వచ్చేస్తాయి. ఎయిర్‌బ్యాగుల కంప్యూటరు రెండు సీట్ల మధ్య కిందే ఉంటుంది చాలా బళ్ళలో. దాని వైర్లకి తుప్పు పడితే ఈ రోజు బానే ఉండొచ్చు, రేపు అవసరమైన క్షణంలో పనిచేయకపోవచ్చు. ఆ సీట్లో కూర్చునేది మా తమ్ముడు.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకి అమ్మినవాడు చెప్పలేదు, అందులో మాకు సందేహం లేదు. తర్వాత మెల్లగా, "ఈ చీటీ సంగతి మనలోనే ఉండనివ్వండి" అన్నారు.

అది కష్టమైన మాట. ఇల్లు చూసిపెట్టిన మనిషి. మేం అన్నదిదీ: "మామయ్యా, మేం ఊరంతా చెప్పం. కానీ ఎవరైనా వచ్చి అడిగితే లేదని చెప్పలేం. ఆ సీట్లో వేరేవాళ్ళ పిల్లాడు కూర్చుంటాడు." చీటీకి తమిళంలో అర్థం రాసి, రెండూ కలిపి ఫైల్లోనే పెట్టి వచ్చాం. ఆ తర్వాత రెండు నెలలు ఫోన్లు లేవు. అత్తయ్య మాత్రం ఆవకాయ పంపింది, ఏమీ అనకుండా.

ఒక ఆదివారం మామయ్యే ఫోన్ చేశారు. ఎవరో కొనడానికి వచ్చారు, పక్కనే ఉన్నారు, స్పీకరు పెట్టారు. "ఆ కన్నడ కాగితంలో ఏముందో నువ్వే చెప్పమ్మా, నేను చెబితే తక్కువ చేసి చెప్పానంటారు" అన్నారు. మూడు లైన్లూ చదివి తమిళంలో చెప్పాం. ఆ మనిషి నేరుగా విడిభాగాల కోసమే కొంటున్నాడట, పదకొండు లక్షలకి బేరం కుదిరింది.

"నీ కన్నడ చదువు నాకు ఏడు లక్షలు ఖర్చయిందమ్మా" అన్నారు మామయ్య ఫోను పెట్టేసే ముందు. నవ్వారో లేదో ఫోన్లో తెలియలేదు. దీపావళికి మాత్రం ఎప్పటిలాగే వచ్చారు.