రెండున్నర పౌండ్లు

ఆవకాయ కోసం ఆవపిండి తూచుకోవడానికి అక్క కొనుక్కున్న డిజిటల్ కాటా మీద ఆ రోజు బావ తుపాకీ బోల్టు పెట్టాడు. 312 గ్రాములు చూపించింది. కాయితం మీద రాసుకున్నాడు. బోల్టు తీసి స్కోపు రింగులు పెట్టాడు. రింగులయ్యాక మరలు, ఒక్కొక్కటే.

"ఏమండీ, రేపు దాని మీదే మెంతులు తూచాలి" అంది అక్క. బావ తల ఎత్తలేదు. పెళ్ళిలో బంగారం తూచినప్పుడు కూడా ఈయన ఇంత శ్రద్ధ పెట్టలేదని అక్క ఇప్పటికీ అంటుంది.

బావది ఆత్మకూరు. నల్లమల అంచున పుట్టినవాడు పాతికేళ్ళ కిందట కొలరాడో చేరి, పౌరసత్వం తీసుకుని, పక్కింటి ముసలాయన పుణ్యమా అని ఎల్క్ వేటలో పడ్డాడు. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న అనుకోండి. ముదురు మగది 300 కిలోలు తూగుతుంది. మన దేశంలో 1972 చట్టంతో వేట ముచ్చట తీరిపోయింది. ఇక్కడ మాత్రం లైసెన్సు, ట్యాగు, సీజను, ఒంటి మీద నారింజ రంగు కోటు, అన్నీ పద్ధతి ప్రకారం సాగుతాయి. రైఫిళ్ళ మీద వేసే 11 శాతం పన్ను 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల సంరక్షణకు పోతుందని బావ నాకు చాలాసార్లు చెప్పాడు. కొత్త రైఫిల్ బిల్లు అక్క కంట పడిన రోజున ఆమెకూ చెప్పాడు. ఆ దానధర్మం అక్కకు రుచించలేదు.

బావ పాత రైఫిల్ వాల్‌నట్ కర్రది. స్కోపు, పట్టీ, తూటాలు అన్నీ కలిపి 9 పౌండ్లు. కొత్తది అన్నిటితో కలిపి ఆరున్నర. కర్ర బదులు కార్బన్ ఫైబర్, ఉక్కు బదులు వీలైనచోట టైటానియం, గొట్టం సన్నం. తేడా రెండున్నర పౌండ్లు, అంటే కిలో పైన ఓ వంద గ్రాములు. లీటరు నీళ్ళసీసా బరువన్నమాట. ఆ తేడాకి బావ ఎంత పెట్టాడో ఇక్కడ రాయను, ఈ పత్రిక అక్క చదువుతుంది.

"నీ పొట్ట ఒక్క ఐదు కిలోలు తగ్గితే పైసా ఖర్చు లేదు కదా బావా" అన్నాను.

"పొట్ట నడుం మీద ఉంటది, తుపాకీ భుజం మీద ఉంటది. కొండెక్కినాక నీకే తెలుస్తది లే బామ్మర్దీ" అన్నాడు.

ఆ ఏడు కొండకి నన్నూ తీసుకెళ్ళాడు, మోతగాడిగా. నాది హెచ్-1బి బతుకు. ఈ వీసా మీద ఉన్నవాడు వేట లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదన్నది ఇక్కడి చట్టం. నాకు లైసెన్సు లేదు. అందుకని రైఫిల్ బావ భుజాన, తక్కిన సరంజామా నా వీపున. పట్టించుకోవలసిన ఏర్పాటేం కాదు గానీ, చివర్లో దీని సంగతి మళ్ళీ వస్తుంది.

మేం వెళ్ళింది ఫ్లాట్ టాప్స్ కొండలకి. అక్కడ ట్రాపర్స్ లేక్ అని ఒక సరస్సుంది. 1919లో ఆర్థర్ కార్హార్ట్ అనే కుర్ర ఉద్యోగిని అటవీశాఖ ఆ సరస్సు చుట్టూ రోడ్డుకీ వేసవి ఇళ్ళకీ కొలతలు తీసి రమ్మని పంపింది. అతను కొలతలు తీసి, దీన్ని ఇలాగే వదిలేస్తే మేలని తిరిగొచ్చి చెప్పాడు. వాళ్ళు విన్నారు, అదీ విశేషం! 1975లో ఆ కొండల్ని వైల్డర్‌నెస్‌గా ప్రకటించారు. యంత్రం సరే, సైకిలూ తోపుడుబండీ కూడా లోపలికి రాకూడదు. ఏది పోయినా, ఏది వచ్చినా, గుర్రం మీదో మనిషి వీపు మీదో.

అలిపిరి నుంచి 3,550 మెట్లూ పెద్దగా ఆగకుండా ఎక్కినవాణ్ణి నేను. ఆ ధీమాతో వెళ్ళాను. పదివేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో 70 శాతమే. యాభై అడుగులు వేయడం, ఆగడం. మళ్ళీ యాభై. అక్టోబరు మంచు చీలమండ దాకా ఉంది. తెల్లారి నాలుగింటికి బయల్దేరితే, వెలుగొచ్చేసరికి బావ చెప్పిన మాటలో నిజం కనిపించింది. నా వీపు మీద పన్నెండు కిలోలున్నాయి. నడుం పట్టీ బిగించాక అవి తుంటి మీద కూర్చున్నాయి, కాసేపటికి మరిచిపోయాను. బావ భుజాన ఉన్నది మూడు కిలోలు. అది ఊరుకోదు. జారుతుంది, కొమ్మకి తగులుతుంది, వంగితే ముందుకొచ్చి మోచేతిని పొడుస్తుంది. ఒక చెయ్యి ఎప్పుడూ పట్టీ మీదే ఉండాలి. ఆ చేతికి ఊతకర్ర దొరకదు. మోసేవాడికే తెలుసు కావడి బరువు అంటారు గానీ, కావడి నయం, రెండు వైపులా సమానంగా తూగుతుంది.

పాదాల సంగతి ఇంకా విచిత్రం. వీపు మీది కిలో కన్నా కాలి మీది కిలో ఒంటిని కొన్ని రెట్లు ఎక్కువ అలవగొడుతుంది. అడుగడుక్కీ దాన్ని పైకెత్తాలి కదా. రైఫిల్ మరల్ని గ్రాముల్లో తూచిన మా బావ, దుకాణంలో గట్టిగా కనబడ్డ మొద్దు బూట్లు కొనుక్కొచ్చి వాటిని కాటా దగ్గరికే తీసుకురాలేదు. బూట్లు కాటా మీద పెడితే అక్క ఊరుకునేది కాదనుకోండి.

ఈ పిచ్చి బావ ఒక్కడిదే కాదు. ఆల్ప్స్ కొండల్లో షామోయ్ మేకల వెంట తిరిగే వేటగాళ్ళు తరాలుగా ఒకే తూటా పట్టే, మధ్యలో విరిచే తేలిక తుపాకులు వాడుతున్నారు. రెండో తూటా ఏర్పాటుకయ్యే బరువు కూడా వాళ్ళకి దండగే. మన కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్‌ని చూడండి. చంపావత్ పులిని 1907లో చంపినందుకు ఆయనకి బహుమానంగా ఇచ్చింది .275 రిగ్బీ, చేతికి ఇమిడే తేలిక రైఫిల్. బరువైన జోడుగొట్టాల తుపాకీ కూడా ఉండేది ఆయనకి. ఎదురుగా వచ్చేది పులి అయినప్పుడు బరువు వద్దనలేం. అమెరికాలో వించెస్టర్ వాళ్ళు 1952లో తమ మోడల్ 70ని సన్నం చేసి, ఈక బరువు అని అర్థం వచ్చేలా ఫెదర్‌వెయిట్ అని పేరు పెట్టారు. 1980లలో వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ ఇంకో దారి పట్టాడు. గొట్టాన్ని మరీ సన్నం చేస్తే రెండు మూడు తూటాలకే వేడెక్కి గురి జరిగిపోతుంది, కాబట్టి దాని జోలికి పోకుండా కట్టెనీ లోపలి యంత్రాన్నీ చిక్కించాడు. స్కోపు లేకుండా రైఫిల్ ఐదు పౌండ్ల దగ్గరికి దిగింది. ఇది నాకు నచ్చిన పని. తగ్గించడం ఎవరైనా తగ్గిస్తారు, ఎక్కడ తగ్గించకూడదో తెలియడమే పనితనం.

తగ్గించిన బరువు ఊరికే పోదు. తూటా ముందుకు పోయే ఊపంతా తుపాకీ వెనక్కి తీసుకోవాలి. తుపాకీ ఎంత తేలికైతే అంత జోరుగా వెనక్కొస్తుంది. 9 పౌండ్లది ఆరున్నరకి దిగితే అదే తూటాకి ఆ తన్ను శక్తి దాదాపు 40 శాతం పెరుగుతుంది. లెక్క నేను తర్వాత వేసుకున్నాను గానీ బావకి ముందే ముట్టింది. మొదటిరోజు సాధనలో స్కోపు అంచు వచ్చి కుడి కనుబొమ మీద నెలవంక గీసింది. మర్నాడు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు బొట్టు పెట్టబోయి, ఎర్రటి ఆ గాయం చూసి, ముందే పెట్టుకున్నారా అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అంతకన్నా పెద్ద చిక్కు నిలకడ. బరువైన రైఫిల్ చేతిలో బద్ధకంగా పడుంటుంది, తేలికది ఊపిరికీ గుండెకీ గాలికీ అన్నిటికీ పలుకుతుంది. మీటరు పొడవు తుపాకీ మూతి దగ్గర ఒక్క మిల్లీమీటరు ఊగితే, 300 మీటర్ల దూరాన తూటా 30 సెంటీమీటర్లు పక్కకి పడుతుంది. కొండెక్కి రొప్పుతున్నవాడి చేతిలో మిల్లీమీటరు ఒక లెక్కా! ముందటేడు బావ నిలబడి కాల్చి గురి తప్పాడట. స్కోపులో ఎల్క్ కాదురా, నా గుండెకాయ కనబడింది అన్నాడు. అంటే రోజంతా తేలిగ్గా ఉండవలసిన వస్తువు ఒక్క పది సెకన్లు మాత్రం బరువుగా ఉండాలి. ఆ పది సెకన్ల కోసం రోజంతా మొయ్యాలా, రోజంతటి కోసం ఆ పది సెకన్లు వదులుకోవాలా? వేటగాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడుకునేది ఇక్కడే.

బావ ఈసారి కొట్లాడలేదు. పది గంటలప్పుడు స్ప్రూస్ చెట్ల అంచున మగ ఎల్క్ కనబడగానే నా చెయ్యి పట్టి కిందికి లాగి, "బ్యాగ్ ఇయ్యి" అన్నాడు. మంచులో బోర్లా పడుకుని రైఫిల్‌ని నా బ్యాగు మీద ఆనించి, ఎడంచేత్తో బ్యాగుని రైఫిల్ కిందికి నొక్కిపట్టాడు. నేను పొద్దున్నుంచీ మోసిన పన్నెండు కిలోలూ, కింద ఉన్న కొండా కలిసి ఆ తేలిక తుపాకీని పట్టుకున్నాయి. ఊపిరి సర్దుకునేదాకా ఆగాడు. నాకైతే అరగంట అనిపించింది. ఒక్క తూటా. ఎల్క్ నాలుగడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడింది.

ఆ తర్వాతే పని మొదలైంది. కాల్చినవాడు తినదగ్గ మాంసం వదిలేసి వస్తే ఇక్కడ నేరం. బావ తూటాలు తీసేసి, బోల్టు ఊడదీసి కోటు జేబులో వేసుకుని, రైఫిల్‌ని ఒక స్ప్రూస్ మానుకి ఆనించాడు. చర్మం ఒలిచి, ఎముక తీసి, మాంసం గుడ్డసంచుల్లోకి ఎత్తేసరికి మూడు దాటింది. వేళ్ళకి స్పర్శ లేదు. రెండు సంచులు చెట్టుకి వేలాడదీశాం రేపటి కోసం. ఒక్కొక్కటి పాతిక కిలోలు తూగే మిగతా రెండూ చెరొకటి వీపున వేసుకుని దిగడం మొదలుపెట్టాం. దిగడం తేలికనుకునేవాళ్ళు మంచులో ఒకసారి దిగి చూడాలి. మోకాళ్ళు ఒక్కో అడుక్కీ ఒక్కో బూతు తిట్టాయి. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ట్రక్కు దగ్గరికి చేరేసరికి ఎనిమిదైంది.

సంచి దించి బావ వెనకపలక మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. అలవాటుగా కుడిచెయ్యి ఎడం భుజం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది.

"బామ్మర్దీ, తుపాకీ ఏదిరా?"

నేను కొండవైపు చూశాను. ఐదు కిలోమీటర్లు దిగొచ్చాం, ఆ భుజం ఖాళీగా ఉందని భుజానికే తెలియలేదు.

"రేపు ఎట్లాగూ మిగతా మాంసానికి పోవాలి కదా. పొద్దున్నే నువ్వు ముందు పోయి…" అంటూ నావైపు తిరిగాడు.

"నాకు లైసెన్సు లేదు బావా" అన్నాను.

కాసేపు ఊరుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి బోల్టు తీశాడు. తలకి కట్టుకున్న లైటు వెలుగులో దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాడు.

"మీ అక్క కాటా తప్పు చూపిస్తదిరా" అన్నాడు. "ఇది ఇంకా శానా బరువుంది."